శనివారం సంతకం గురువారమే

మొన్న గురువారం మా మేనకోడలి కూచిపూడి ప్రోగ్రాం ఉందని నగరపాలక సంస్థ వారి ఆడిటోరియంకి వెళ్లాను. ఏ నగరమని అడక్కండి, మీ ఊరే అనుకోండి, పెద్దగా తేడా రాదు. మధ్యలో బాత్‌రూమ్‌కి వెళ్తే బల్బు లేదు, కుళాయిలో నీళ్లు లేవు, బకెట్ ఉంది కానీ మగ్గు లేదు. తలుపు వెనక మాత్రం ప్లాస్టిక్ కవర్లో ఒక చార్టు, గంటకోసారి కడిగినట్టు వరసగా సంతకాలు. ఫోన్ లైటు వేసి చూశాను. శుక్రవారం గళ్లన్నీ నిండిపోయాయి. శనివారం మధ్యాహ్నం మూడింటి దాకా కూడా.

నాకు కోపం రాలేదండీ, గర్వమేసింది. సర్కారు పని ఏదీ టైముకి కాదని గొణిగేవాళ్లకి ఈ చార్టు ఫ్రేము కట్టించి ఇవ్వాలి. ఇంకా మురికి కాకముందే కడిగేసిన బాత్‌రూమ్ ఏ దేశంలో ఉంది?

అక్కడ తుడుస్తున్న ఆవిడని అడిగితే, "సంతకాలు సూపర్‌వైజర్ గారే పెట్టేసుకుంటారు సారూ, నేనొక్కదాన్ని మూడు ఫ్లోర్లు చూసుకోవాలి, రెండు నెలల జీతం కూడా రాలేదు" అంది. ఆవిడ మాట ఏ ఫైల్లోనూ ఉండదు కాబట్టి దీన్ని ఇక్కడితో వదిలేసి రికార్డుల్లోకి వెళ్దాం.

రికార్డు మొదలయ్యేది టెండరుతో. మనుషుల్ని పెట్టే కాంట్రాక్టులో కనీస వేతనం, పీఎఫ్, ఈఎస్ఐ ఎవరికైనా ఒకటే, ఏజెన్సీలు పోటీ పడాల్సింది తమకొచ్చే సర్వీస్ చార్జీ దగ్గరే. ఆ పోటీలో మనవాళ్లు ఎంత త్యాగమూర్తులంటే సున్నాకి కోట్ చేయడం మొదలుపెట్టారు, చివరికి 2014లో కేంద్ర ఆర్థిక శాఖ సున్నా కోట్ చేస్తే ఆ బిడ్డు చెల్లదని కాగితం రాసి మరీ ఆపాల్సి వచ్చింది. దాంతో దాతలు పైసల్లోకి దిగారు. పైసా లాభానికి ఇంతమందిని పోషించే ఆ ధర్మాత్ముడు కారెలా కొన్నాడని అడగడం అసూయ. హాజరు పట్టీలో పన్నెండు మంది ఉండి, ఆవరణలో అయిదుగురే కనిపిస్తే, మిగతా ఏడుగురు కనపడకుండా సేవ చేస్తున్నారని ఎందుకు అనుకోకూడదు?

ఇక ఆడిట్. మున్సిపాలిటీల లెక్కల ఆడిట్‌కి చట్టం చేసుకోమని రాజ్యాంగం 243జెడ్ అధికరణంలో చెప్పింది, మనకి రాష్ట్ర ఆడిట్ శాఖ ఉంది, వాళ్లు వస్తారు కూడా. ఫ్యాను కింద కూర్చుని టెండరు నోటీసు, ఎల్1 (అంటే అందరికన్నా తక్కువ కోట్ చేసిన ఏజెన్సీ), అగ్రిమెంటు, పీఎఫ్ చలానా, 'పని సంతృప్తికరం' అన్న సర్టిఫికెట్ ఒక్కొక్కటీ చూస్తారు. మన చార్టు కూడా చూస్తారు, అన్ని గళ్లలోనూ సంతకాలుంటాయి. కుళాయిలో నీళ్లు లేవన్నదానికి వోచర్ ఉండదు కదా, అందుకని అది ఆడిట్ రిపోర్టులో పేరాగా, అంటే అభ్యంతరంగా, రాదు. వచ్చినా దానికో సమాధానం, ఆ సమాధానం సంతృప్తికరంగా లేదని ఇంకో కాగితం, ఈలోగా అధికారి బదిలీ, ఏజెన్సీకి మాత్రం కొత్త టెండరు ఖరారయ్యేదాకా అంటూ ఎక్స్‌టెన్షన్ మీద ఎక్స్‌టెన్షన్.

ఢిల్లీ కామన్వెల్త్ క్రీడలు గుర్తున్నాయా? 2010 సెప్టెంబరులో స్టేడియం పక్కన కడుతున్న ఫుట్‌బ్రిడ్జి కూలింది, అక్టోబరులో ఆటలు అయిపోయాయి, ప్రభుత్వ లెక్కలు తనిఖీ చేసే కాగ్ రిపోర్టు 2011 ఆగస్టులో పార్లమెంటుకి వచ్చింది. దేశమంతా చూస్తున్నప్పుడు ఉన్న స్పీడు అది. మా బాత్‌రూమ్‌ని దేశం చూడట్లేదు.

అందుకే నేనే దిగాను. సమాచార హక్కు చట్టం సెక్షన్ 2(జె)లో చాలామందికి తెలియని ముక్క ఒకటుంది: కాగితాల నకళ్లే కాదు, పనిని స్వయంగా తనిఖీ చేయొచ్చు, వాడిన సరుకు నమూనా కూడా అడగొచ్చు. పది రూపాయలు కట్టి ఈ నెల కొన్న ఫినాయిల్ ఒక సీసా ధ్రువీకరించిన నమూనాగా ఇప్పించమని దరఖాస్తు పెట్టాను. గడువు ముప్ఫై రోజులే అయినా, ఆశ్చర్యం, నాలుగో రోజుకే జవాబొచ్చింది. సరుకు మొత్తం వినియోగమైపోయినందున నమూనా ఇవ్వలేమట, రుజువుగా స్టాక్ రిజిస్టరు నకలు జతచేశారు. దాని ప్రకారం ఈ నెల ముప్ఫయ్యో తారీఖు వరకు రోజుకో సీసా చొప్పున ఫినాయిల్ వాడేశారు.

ఇవాళ పన్నెండు.