మహారాజశ్రీ ఎస్టిమేట్ షీట్ గారికి

మహారాజశ్రీ సర్వీస్ సెంటర్ ఎస్టిమేట్ షీట్ గారి దివ్య సముఖమునకు,

మూడేళ్ల పెట్రోలు కారు, ఇంకా రెండేళ్ల లోను గల యజమాని నమస్కరించి రాయునది. ఉభయకుశలోపరి. ఇక్కడ మేమంతా క్షేమం. మా బండి కూడా క్షేమంగానే ఉండేది, తమరు వాట్సాప్‌లో దర్శనమిచ్చేదాకా.

ఆ శనివారం తమకు గుర్తుందో లేదో. (సర్వీస్ సెంటర్ ఎక్కడో చెప్పను. మన హైదరాబాద్‌లో మెట్రో పిల్లర్ నంబర్ చెప్పామంటే పేరు చెప్పేసినట్టే.) అద్దాల గదిలో మిషన్ కాఫీ తాగుతూ, మ్యూట్‌లో పెట్టిన టీవీ చూస్తూ కూర్చున్నాను. నాకు పది అడుగుల దూరంలో నిలబడ్డ అడ్వైజర్ కుర్రాడు నాకే ఫోన్ చేశాడు. "సార్, బండి చెక్ చేశాం. కొన్ని అబ్జర్వేషన్స్ ఉన్నాయి." ఈ మాట నేను అంతకుముందు ఐసీయూ బయటే విన్నాను. కాఫీ చేదుగా అనిపించింది. అసలే అది చేదు కాఫీ.

ఆ వెంటనే తమరు దిగారు. ఇంజిన్ ఆయిల్, ఫిల్టర్, లేబర్ కలిపి 4,200. అక్కడిదాకా న్యాయమే, నేను వచ్చింది అందుకే. ఆ కింద మొదలైంది: ఇంజిన్ ఫ్లష్ (అంటే ఇంజిన్ లోపల కడగడం) 690, ఇంజెక్టర్ క్లీనర్ 540, కూలెంట్ (ఇంజిన్‌ని చల్లబరిచే ద్రవం) మార్పిడి 1,480, పవర్ స్టీరింగ్ ఫ్లూయిడ్ 640, ఏసీ డిస్‌ఇన్ఫెక్టెంట్ 1,180, ఎలుకల మందు స్ప్రే 890, బ్రేక్ ఫ్లూయిడ్ 860. మొత్తం 10,480. సత్యనారాయణ వ్రతానికి పంతులుగారు రాసిచ్చే సామాన్ల పట్టీ కూడా ఇంతే పొడుగుంటుంది. కాకపోతే ఆయన దయగలవాడు. వస్త్రం తేలేదంటే "వస్త్రార్థం అక్షతాన్ సమర్పయామి" అని రెండు గింజలు వేయించి కానిచ్చేస్తాడు. తమ దగ్గర ఆ సదుపాయం లేదు.

నేను మొహం ముడుచుకోవడం చూసి కుర్రాడు సాక్ష్యం తెచ్చాడు. తెల్లటి టిష్యూ మీద డిప్‌స్టిక్, అంటే ఆయిల్ కొలిచే పుల్ల, తుడిచిన నల్లటి మరక. "చూడండి సార్, ఆయిల్ ఎలా అయిపోయిందో. లోపలంతా ఇలాగే ఉంటుంది. ఫ్లష్ కొట్టకపోతే కష్టం." అయ్యా, ఆయిల్ నల్లబడేది పని చేస్తున్నందుకు. ఇంజిన్‌లోని మసిని పట్టి తనలో కలుపుకునే డిటర్జెంట్లు అందులోనే ఉంటాయి. బట్టలు ఉతికిన నీళ్లు నల్లగా ఉన్నాయని చాకిరేవును కడుగుతామా? పైగా ఆ నల్ల ఆయిల్‌ను ఎలాగూ తీసేస్తున్నారు, దానికే 4,200. నా మాన్యువల్‌లోని సర్వీస్ పట్టిక మొత్తం వెతికినా ఇంజిన్ ఫ్లష్ అనే పేరే కనపడలేదు.

"కూలెంట్ ఎందుకు తమ్ముడూ?" అన్నాను.

"హైదరాబాద్ డస్ట్ సార్. ట్రాఫిక్. మనది సివియర్ కండిషన్."

అంటే బండి కష్టమైన చోట తిరుగుతోంది కాబట్టి అన్నీ ముందే మార్చాలని. ఇది తమ బ్రహ్మాస్త్రం. మూసాపేట నుంచి అమీర్‌పేట దాకా ఫస్ట్ గేర్‌లో పాకే వాడెవడూ దీన్ని కాదనలేడు. దుమ్ముకి ఎయిర్ ఫిల్టర్ ముందే మార్చమంటే ఒప్పుకుంటాను. కానీ కూలెంట్ తిరిగేది మూత బిగించిన వ్యవస్థలో కదా, అందులోకి మెట్రో దుమ్ము ఏ టికెట్ కొనుక్కుని వెళ్లింది? నా బండికి పోసిన రకం కూలెంట్‌ను మొదటిసారి మార్చాల్సింది 1,60,000 కిలోమీటర్లకని మాన్యువల్ చెబుతోంది. నేను తిరిగింది 31,000.

ఇక పవర్ స్టీరింగ్ ఫ్లూయిడ్ సంగతి. దాని గురించి కాస్త తీరిగ్గా చెప్పుకోవాలి.

"ఆ ఫ్లూయిడ్ ఎక్కడ పోస్తారో ఒకసారి చూపించు," అన్నాను. కుర్రాడు ఉత్సాహంగా బానెట్ లేపాడు. వేలు ముందు కూలెంట్ డబ్బా మీద ఆగింది. అది కాదు. బ్యాటరీ పక్కకు వెళ్లింది. అక్కడా లేదు. బ్రేక్ ఫ్లూయిడ్ గిన్నె మూత మీదున్న అక్షరాలు చదివి వెనక్కి వచ్చింది. చివరికి నీలం మూత ఉన్న డబ్బా మీద వాలింది. "ఇదే సార్."

"అది వైపర్ నీళ్లు పోసేది."

మా మధ్య కాసేపు మౌనం. దూరంగా ఎవరిదో బండి రివర్స్ హారన్ మోగుతోంది. నా కారుది ఎలక్ట్రిక్ పవర్ స్టీరింగ్. దాన్ని తిప్పడానికి సాయం చేసేది మోటారు. అందులో ఆయిల్ లేదు, పంపు లేదు, పైపు లేదు. కందకు లేని దురద కత్తిపీటకు అంటారు. ఇక్కడ కందే లేదు, దురదకు మాత్రం 640 రూపాయలు, జీఎస్టీ కలిపి.

కుర్రాడి మీద నాకు కోపం లేదు. గొంతు తగ్గించి నిజం చెప్పాడు పాపం. "ముప్పై వేలు దాటితే సిస్టమ్‌లో అదే వస్తుంది సార్. బండికి ఇంత అని వాస్ టార్గెట్ ఉంటుంది మాకు." వాస్ అంటే వాల్యూ యాడెడ్ సర్వీస్ అట. ఎవరి వాల్యూ, ఎవరికి యాడ్ అని అడగబోయి, అతని బొటనవేలి గోరులో ఇరుక్కున్న గ్రీజు చూసి ఊరుకున్నాను.

కానీ అతని వెనకున్న మేనేజర్ ఊరుకోలేదు. "ఇవన్నీ వద్దంటే రేపు వారంటీ ప్రాబ్లం వస్తుంది సార్," అన్నాడు, మన మంచి కోరే పెదనాన్నలా. షెడ్యూల్లో లేని ఫ్లష్ వద్దంటే వారంటీ ఎలా పోతుందో ఆయన చెప్పలేదు. 2014లో, కంపెనీల మధ్య పోటీ సక్రమంగా ఉందో లేదో చూసే కాంపిటీషన్ కమిషన్ విడిభాగాల వ్యవహారంలో 14 కార్ల కంపెనీలకు 2,544 కోట్ల పైచిలుకు జరిమానా వేసింది. బయటి మెకానిక్ దగ్గర పని చేయించుకున్నంత మాత్రాన వారంటీ రద్దు అంటూ గంపగుత్తగా షరతు పెట్టొద్దని కూడా చెప్పింది. కంపెనీలు అప్పీళ్లకు వెళ్లాయి, అది వేరే కథ. నేను ఆ ముక్క చెప్పగానే మేనేజర్‌కి అర్జెంటుగా వేరే కస్టమర్ గుర్తొచ్చాడు.

ఆ ఊపులో నేను మీసం లేకపోయినా మీసం మెలేశాను. ఆయిల్ సర్వీస్ ఒక్కటే ఉంచి, కింద ఏడు లైన్లనూ కొట్టేయించాను. కిందటేడు కూడా ఇలాగే చేశాను. ఇంటికొచ్చి మా ఆవిడకు 6,280 రూపాయలు మిగిల్చిన వీరగాథ వినిపించాను.

మహారాజశ్రీ, ఇప్పుడు చెప్పబోయేది తమకు నచ్చుతుంది.

కార్తీక మాసంలో అమ్మని తీసుకుని శ్రీశైలం బయల్దేరాం. దోమలపెంట దాటాక డ్యామ్ వైపు దిగే ఘాట్ తమకు తెలియకపోవచ్చు, తమరు ఏసీ గదులు దాటి వెళ్లరు కదా. మలుపు మలుపుకీ బ్రేక్ తొక్కుతూ దిగుతున్నాను. ఎనిమిదో మలుపో తొమ్మిదో మలుపో, పెడల్ మెత్తగా తగిలింది. ఇంకో మలుపులో తడిసిన దిండు తొక్కినట్టు లోపలికి పోయింది. వెనక సీట్లో అమ్మ పంచాక్షరి వేగం పెంచింది. రెండుసార్లు పంపు చేసి, ఎలాగో గేరు తగ్గించి, కాస్త వెడల్పున్నచోట పక్కకు ఆపాను. వెనకే లారీ ఆపిన డ్రైవరన్న చక్రాల దగ్గర వాసన చూసి ఒకటే ప్రశ్న వేశాడు. "బ్రేక్ ఆయిల్ ఎప్పుడు మార్చినవే?"

మార్చలేదు.

"ఇగ కొద్దిసేపు సల్లారనియ్. సెకండ్ గేర్ల దిగు," అని వెళ్లిపోయాడు.

ఆ ముప్పావుగంటలో, మూడేళ్లలో మొదటిసారి, గ్లోవ్ బాక్స్‌లోంచి మాన్యువల్ తీసి బ్రేకుల పేజీ చదివాను. కూలెంట్, ఫ్లష్ పేజీలు చదివింది వాదించడానికి, ఫోన్లో. బ్రేక్ ఫ్లూయిడ్ ప్రతి రెండేళ్లకూ మార్చాలని అక్కడ స్పష్టంగా ఉంది. అది గాల్లోని తేమను పీల్చుకుంటుందట. డాట్ 4 రకమైతే కొత్తప్పుడు కనీసం 230 డిగ్రీల దాకా మరగకూడదు. తేమ పట్టాక ఆ కనీస హద్దు 155కి పడిపోతుంది. ఘాట్‌లో కాగిన బ్రేకుల దగ్గర అది మరిగి ఆవిరి బుడగలు పుడితే, కాలు నొక్కేది ఆ బుడగలనే, బ్రేకుని కాదు.

అంటే నేను కొట్టేయించిన ఏడు లైన్లలో చివరి లైన్ నిజం. నిజాన్ని తీసుకెళ్లి, లేని స్టీరింగ్ ఆయిల్‌కీ ఎలుకల మందుకీ కింద వరసలో నిలబెట్టింది తమరు. నాన్నా పులి అని ఆరుసార్లు అరిచి, పులి నిజంగా వచ్చినప్పుడు కూడా అదే ఫాంట్‌లో, అదే సైజులో అరిస్తే నేనెలా పోల్చుకోవాలి? కనీసం ఎర్ర అక్షరాల్లోనైనా రాయొచ్చు కదా. 860 రూపాయల పనికి మా అమ్మ చేత లక్ష జపం చేయించారు.

సోమవారం పొద్దున్నే మళ్లీ వచ్చాను. "బ్రేక్ ఫ్లూయిడ్ ఒక్కటి మార్చండి చాలు." కుర్రాడు నన్ను అనుమానంగా చూశాడు. "అదొక్కటే ఎందుకు సార్? ఫ్లష్, ఇంజెక్టర్ కాంబోలో తీసుకుంటే అది ఫ్రీ."

వద్దన్నాను. సరేనని ట్యాబ్ మీద ఏదో నొక్కాడు. నా ఫోన్ మోగింది. మళ్లీ తమరే. మొదటి లైన్: బ్రేక్ ఫ్లూయిడ్, 860. రెండో లైన్: పవర్ స్టీరింగ్ ఫ్లూయిడ్, 640.

మొదటి లైన్‌కి అప్రూవ్డ్ అని కొట్టాను. రెండో లైన్‌కి ఇలా టైపు చేశాను: "పవర్ స్టీరింగ్ ఫ్లూయిడార్థం అక్షతాన్ సమర్పయామి."

జవాబు ఒక్క నిమిషంలో వచ్చింది: "థాంక్యూ సార్. ఫీడ్‌బ్యాక్ కాల్ వస్తుంది, దయచేసి పదికి పది ఇవ్వగలరు."

ఇట్లు,
ఘాట్ దిగి వచ్చిన తమ విధేయుడు