వాక్యం ఎవరి కోసం తెరిచాం?

పరిచర్య ముందా, దేవునితో మన సొంత సహవాసం ముందా? చాలాకాలంగా నాలో నలుగుతున్న ఈ ప్రశ్నను ఇద్దరి మాటల్లో రాస్తున్నాను. నేను అన్న పక్షమే. అయినా తమ్ముడి మాటల పదును తగ్గించలేదు.

తమ్ముడు: ఈ నెల కూటాల్లో నన్ను మాట్లాడొద్దన్నారట. నా తప్పేంటన్నా?

అన్న: తప్పని కాదురా. మొన్న నీ నోట్‌బుక్ చూడమని ఇచ్చావు కదా. 51వ కీర్తన మీద నాలుగు పేజీలు రాశావు. దావీదు "నా అతిక్రమములు" అని ఏడ్చిన చోటల్లా ఎర్ర పెన్నుతో "మన" అని దిద్దావు. మూడో పేజీకొచ్చేసరికి అది "మీ" అయిపోయింది.

తమ్ముడు: చెప్పేది జనానికి కదా!

అన్న: జనానికి చెప్పేముందు ఒక్కసారైనా "నా" అని చదివావా?

తమ్ముడు: టైమెక్కడిదన్నా? ఆసుపత్రి సందర్శన, యూత్ మీటింగ్, ఉపవాస కూటం... మనుషులు నశించిపోతుంటే నేను తలుపేసుకుని కూర్చోవాలా? బావి దగ్గర యేసును కలిసిన సమరయ స్త్రీ కుండ అక్కడే వదిలేసి ఊళ్లోకి పరుగెత్తింది. ఆవిడ ఎన్నాళ్లు ధ్యానం చేసి వెళ్లింది?

అన్న: నీకు వచ్చిన ఈ అలసట నాకూ వచ్చింది, అందుకే చెబుతున్నా. మార్కు మూడో అధ్యాయంలో ప్రభువు పన్నెండుమందిని ఎందుకు నియమించాడో చూడు. మొదట తనతో ఉండడానికి, తర్వాత ప్రకటించడానికి. ఆయన కూడా చీకటితోనే లేచి అరణ్యానికి వెళ్లి ప్రార్థించాడు. అందరూ వెతుకుతున్నారని శిష్యులు వచ్చి చెప్పారు. నువ్వూ నేనూ అయితే ఆ మాట వినగానే వాళ్ల దగ్గరికి పరుగెత్తేవాళ్లం. ఆయన మాత్రం పక్క ఊళ్లకు వెళదామన్నాడు. ఎవరి పిలుపుకు వెళ్లాలో, దేనికి వెళ్లకూడదో ఆయనకు ఆ ప్రార్థనలోనే తేటపడిందని నా నమ్మకం. పరమగీతంలో ఆ అమ్మాయి గోడు విను: ఇతరుల ద్రాక్షతోటలకు కావలి కాసింది, సొంత తోట కాయలేకపోయింది. మెథడిస్టు ఉద్యమాన్ని మొదలుపెట్టిన జాన్ వెస్లీ అంతటివాడు అమెరికాలోని జార్జియాలో మిషనరీగా పనిచేసి, 1738లో తిరిగొస్తూ ఏం రాసుకున్నాడు? అమెరికా ఆదివాసులను మార్చడానికి వెళ్లాను, నన్నెవరు మారుస్తారని.

తమ్ముడు: వెస్లీ కథ సగంలో ఆపేశారు. అదే ఏడాది ఆయన, విశ్వాసం లేనివాణ్ణి, ప్రసంగాలు మానేస్తానంటే ఆయన మిత్రుడు, మిషనరీ పీటర్ బోలర్ ఒప్పుకోలేదు. విశ్వాసం దొరికేదాకా విశ్వాసాన్నే ప్రకటించమన్నాడు. తనతో ఉండడమే ముందంటారా? గెరాసేనీయుల దేశంలో దయ్యాలు వదిలినవాడు సరిగ్గా అదే అడిగాడు, ప్రభువుతో ఉండనివ్వమని బతిమాలాడు. ప్రభువు ఒప్పుకోలేదు. ఇంటికెళ్లి నీవాళ్లకు చెప్పమన్నాడు.

అన్న: ...ఆ మాటకు నా దగ్గర పూర్తి జవాబు లేదురా. నిజమే, ప్రార్థనగదిని దాక్కునే చోటుగా వాడుకునేవాళ్లూ ఉన్నారు.

తమ్ముడు: మరి నన్నెందుకు ఆపుతున్నారు? నేను ఫోన్‌లో బైబిల్ చదువుతాననే కదా మీ కోపం?

అన్న: ఫోన్ ఊసు నేనెత్తానా?

తమ్ముడు: పోయిన ఆదివారం ఎత్తారు. అందరి ముందూ.

అన్న: చదువుతూ మధ్యలో స్టేటస్ పెట్టావు కాబట్టి ఎత్తాను.

తమ్ముడు: ఒక వచనం పెట్టాను. అది చూసి ఒకాయన ప్రార్థన చేయమని ఫోన్ చేశాడు, తెలుసా?

అన్న: ...తెలియదు. అందరి ముందు అనకుండా ఉండాల్సింది. క్షమించు. ఇప్పుడు గెరాసేనీయుడి సంగతి మళ్లీ చూడు. ఏం చెప్పమని పంపాడు? ప్రభువు "నీకు" చేసిన కార్యాలు. అతని దగ్గర నోట్స్ లేవు, చెప్పడానికి తన బతుకే ఉంది. వెస్లీకి తన దగ్గర లేనిదేంటో తెలుసు, అది లేదని బాధపడ్డాడు. నువ్వు పోయిన నెలలో ప్రభువు నీకు చేసిందొకటి చెప్పు. మెసేజ్‌లో చెప్పింది కాదు.

తమ్ముడు: ...

అన్న: నిన్ను తప్పు పట్టాలని అడగట్లేదురా. నన్ను ఇలా ఎవరూ అడగలేదు. నాలుగేళ్లు ఖాళీ కుండతో నీళ్లు పోశాను.

తమ్ముడు: ఎన్నాళ్లు ఆపాలి?

అన్న: ఆసుపత్రికి వెళ్లు, అది మానకు. రేపు పొద్దున మాత్రం నోట్‌బుక్ లేకుండా కూర్చో.

తమ్ముడు: ఏం చదవాలి?

అన్న: అదే కీర్తన. దిద్దకుండా.

తమ్ముడు: మంచి పాయింట్ ఏదైనా తడితే రాసుకోవచ్చా?