యంత్రానికి ఉత్తర్వులు

కోడ్ రాసే ఏఐకి రోజూ చెప్పిందే మళ్లీ చెప్పడం సాఫ్ట్‌వేర్ జాతికి తగని శ్రమ అని పెద్దలు గ్రహించారు. ఆంత్రోపిక్ కంపెనీవారి కోడ్ రాసే ఏఐ ‘క్లాడ్ కోడ్’లో దానికి మార్గం ఉంది. ప్రాజెక్టులోని ‘.క్లాడ్’ ఫోల్డర్‌లో ‘కమాండ్స్’ అని ఇంకో ఫోల్డర్ పెట్టి, అందులో మామూలు మాటలతో ఒక మార్క్‌డౌన్ ఫైలు (సాదా అక్షరాల ఫైలే) రాసి ఉంచాలి. ఫైలు పేరే ఆజ్ఞ అవుతుంది. స్లాష్ కొట్టి ఆ పేరు రాయగానే యంత్రం పనిలోకి దిగుతుంది. ఫైలు మొదట్లో, ఈ ఆజ్ఞ కింద ఏయే పనిముట్లను అడగకుండా వాడవచ్చో కూడా రాయవచ్చు. అచ్చంగా జీవో అన్నమాట. ఈ మధ్య కమాండ్స్ శాఖను, యంత్రానికి పనులు నేర్పే సూచనల శాఖ అయిన ‘స్కిల్స్’లో విలీనం చేశారు కూడా. పాత ఉత్తర్వులు చెల్లుబాటులోనే ఉన్నాయి కాబట్టి ప్రజలు ఆందోళన చెందనవసరం లేదు.

ఇలాంటి ఉత్తర్వు ఒకటి చదివి చూడండి: “నువ్వు ఇరవై ఏళ్ల అనుభవమున్న ఇంజినీరువి. తొందరపడకు. ముందు కోడ్ అంతా చదువు. అర్థం కాకపోతే అడుగు, ఊహించకు. టెస్టు ఫెయిలైతే కోడ్ సరిచేయి, టెస్టును తీసేయకు.” ఎంత ఓర్పు! ఎంత వాత్సల్యం! (ఆ చివరి వాక్యం వెనక ఎవరిదో ఒక శుక్రవారం రాత్రి ఉండి తీరుతుంది.)

ఇదే టీములో కిందటేడు చేరిన కుర్రాడికి ఇందులో ఒక్క ముక్కా ఎవరూ రాసివ్వలేదు. “డాక్యుమెంటేషన్ చూసుకో” అన్నారు. డాక్యుమెంటేషన్ లేదు. అర్థం కాక అడిగితే, “ఇది కూడా తెలియదా?” అన్నారు. మనిషికి నేర్పితే రేపు వేరే కంపెనీకి వెళ్లిపోతాడు. యంత్రం రాజీనామా చేయదు, జీతం పెంచమనదు. కాబట్టి ఏళ్ల తరబడి సీనియర్ల బుర్రల్లోనే భద్రంగా దాగిన సంస్థాగత జ్ఞానం ఎట్టకేలకు అక్షరరూపం దాల్చడంలో వింతేమీ లేదు. దాన్ని చదివేది మనిషి కాదు, అంతే.

ఇకపై కొత్త ఉద్యోగులను కూడా కమాండ్లుగానే చేర్చుకోవాలని నా సవినయ సూచన. అప్పుడైనా వాళ్లకు పని వివరంగా చెబుతారు.

ఆ కుర్రాడు మాత్రం నా సూచన కోసం ఆగలేదు. సర్వర్ మీదికి కోడ్ ఎలా ఎక్కించాలో ఎవరినీ అడగడం మానేసి, ‘డిప్లాయ్’ కమాండ్ ఫైలు తెరిచి చదువుకుంటున్నాడు. తలుపు వేసుకుని సీనియర్ కూడా అదే చదువుతున్నట్టు వినికిడి.