తుప్పు మరక చూసి ఆ ఇనప కెటిల్ పారేయకండి

"జపాన్ ఇనప కెటిల్‌లో టీ కాచుకుంటే రక్తహీనత పోతుంది, లోపల తుప్పు వస్తే విషం, పారేయండి, ఎనామిల్ పూత ఉన్నదే అసలుది, తరతరాల చేతిపని అంతా అమ్ముకోడానికి చెప్పే కథ" అని ఒక మెసేజ్ మా గ్రూపులన్నిట్లో తిరుగుతోంది. ఆరేళ్ళుగా ఆ కెటిల్ వాడుతున్న మనిషిని, చూస్తూ ఊరుకోలేకపోయా.

ముందు ఎనామిల్ సంగతి. నీళ్ళు మరిగించుకునేది తెత్సుబిన్, లోపల పూత ఉండదు, అందులో టీ ఆకు, పాలు ఏవీ వెయ్యరు. పూత ఉన్నది క్యూసు, ఆకు నానబెట్టుకునే పాత్ర, అది పొయ్యి ఎక్కించకూడదు. రెండూ వేరు వస్తువులు, ఇంక అసలు నకిలీ ఏంటి?

తుప్పంటారా, నా కెటిల్ అడుగున కూడా నారింజ రంగు మచ్చలొచ్చాయి, కానీ నీళ్ళు తేటగానే ఉన్నాయి, అలా ఉంటే భయమే లేదు. గ్రీన్ టీ ఆకు గుడ్డలో మూటకట్టి అరగంట మరిగించా, నీళ్ళు సిరాలా నల్లబడ్డాయి, మచ్చలూ నల్లగా అయిపోయాయి. టీకి వగరు తెచ్చే టానిన్ అనే పదార్థం ఇనుముతో కలిసి నల్లటి పొర కడుతుంది, అంతే. పీచు పెట్టి మాత్రం తోమొద్దు. ఆ కెటిల్‌ని బొగ్గుల్లో 800 డిగ్రీలు దాటించి కాల్చి మరీ లోపల తుప్పు పట్టని పొర తెప్పిస్తారు, మనం ఒక్క పూటలో గీకి పారేస్తాం. అట్లపెనం సబ్బేసి రుద్దితే అమ్మమ్మ ఊరుకునేదా?

నాకు బాగా బాధ కలిగింది ఆ "కథ" అన్న మాటకి. జపాన్‌లో ఇవాతే ప్రాంతంలోని మొరియోకా ఊళ్ళో సుజుకి మొరిహిసా అనే పోతపని ఇల్లు 1625 నుంచి ఉంది, తరం మారినా అదే పేరు అందుకుంటారు, 15వ తరంలో అందుకున్నది ఒక మహిళ. కెటిల్ ఒంటి మీద చుక్కలుంటాయి కదా, వాటిని అరారే అంటారు, అంటే వడగళ్ళు. ఆ చుక్కలు పోతపోశాక పెట్టేవి కాదు, మట్టి అచ్చు తడిగా ఉండగానే లోపలివైపు పుల్లతో ఒక్కొక్కటీ నొక్కుతారు, మూతి దగ్గరికొచ్చేకొద్దీ చుక్క చిన్నదవ్వాలి, వరస తప్పకూడదు. అదే ఇవాతేలో మిజుసావా అనే ఊరి వైపు ఫ్యాక్టరీల్లో మెషీన్ మీద చేసేవీ ఉన్నాయి, కాదనను, తక్కువ ధరకి దొరికేవి ఎక్కువగా అవే. అంతమాత్రాన చేత్తో చేసేవాళ్ళే లేరంటే ఎలా?

రక్తహీనత మాట. నీళ్ళలోకి కాస్త ఇనుము దిగడం నిజమే, కానీ అది మందు కాదు, పైగా టీలో టానిన్లు ఇనుముని ఒంటికి సరిగా పట్టనివ్వవు. నీరసంగా ఉంటే డాక్టర్ దగ్గరికెళ్ళి రక్తం టెస్ట్ చేయించుకోండి.

ఇంట్లో ఈ కెటిల్ ఉంటే మరిగాక నీళ్ళన్నీ వంచేసి మూత తీసి ఉంచండి, ఆ వేడికే లోపల ఆరిపోతుంది.