బెదిరించేవాడి మాటనే ఫార్వర్డ్ చేస్తున్నాం

“అమెరికాలో బలవంతంగా పని చేయిస్తున్నారని కేసు పెట్టాలంటే దెబ్బలు చూపించాలి. సంతకం పెట్టి చేరాక నోరెత్తకూడదు. పాస్‌పోర్టు యజమాని దగ్గర ఉండటం మామూలే. వీసా లేనివాళ్ళు పోలీసుల దగ్గరికెళ్తే నేరుగా విమానం ఎక్కిస్తారు.” మా బంధువుల గ్రూపులో ఈ మెసేజ్ మళ్ళీ వచ్చింది, కింద వరసగా దండాలు!

సంతకం సంగతి ఒక్క ముక్కలో తేలిపోతుంది. ఇష్టపడే చేరినా, మానేస్తానన్నప్పుడు బెదిరించి ఆపితే నేరమే.

పాస్‌పోర్టు యజమాని బీరువాలో ఉన్నంత మాత్రాన నేరం కాదు. మనిషి కదలకుండా, పని మానకుండా లాక్కుని పెట్టుకుంటే అమెరికా ఫెడరల్ చట్టంలోని సెక్షన్ 1592 కింద ఐదేళ్ళ దాకా జైలు.

దెబ్బల మాటకొస్తే, ఒకప్పుడు అందులో నిజం ఉందని ఒప్పుకోవాలి. మిషిగన్‌లో ఒక పాడి ఫారంలో బుద్ధిమాంద్యం ఉన్న ఇద్దరితో వారమంతా, రోజుకు 17 గంటల దాకా చాకిరీ చేయించారు. ఆ కేసులో 1988లో అమెరికా సుప్రీంకోర్టు, శారీరక హింసో చట్టం పేరుతో బెదిరింపో ఉంటేనే అది వెట్టి అంది. ఆ లోటు పూడ్చడానికే 2000లో అమెరికా పార్లమెంటు (కాంగ్రెస్) బలవంతపు చాకిరీ మీద సెక్షన్ 1589 తెచ్చింది. డబ్బు నష్టం, పరువు నష్టం, మానసిక హింస కూడా ‘తీవ్రమైన హాని’ కిందికే వస్తాయి. శిక్ష 20 ఏళ్ళ దాకా, మనిషి చనిపోతే యావజ్జీవం దాకా.

ఇక ఆ విమానం మాట. నాకు ఒళ్ళు మండేది ఇక్కడే. “నోరు తెరిస్తే ఇమిగ్రేషన్‌కి పట్టిస్తా” అని బెదిరించి పని చేయించుకోవడం అదే సెక్షన్ 1589 కింద నేరం. చట్టాన్ని అడ్డం పెట్టుకుని బెదిరించడమని అందులో విడిగా రాశారు. యజమాని చాటుగా అనే మాటని మనం పదిమందికీ ఉచితంగా చేరవేస్తున్నాం. అతనికింతకంటే ఏం కావాలి?

అమెరికాలో కత్రినా తుపాను తర్వాత సిగ్నల్ ఇంటర్నేషనల్ అనే అక్కడి ఓడల మరమ్మతు కంపెనీ మనదేశం నుంచి దాదాపు 500 మంది కార్మికుల్ని తీసుకెళ్ళింది. గ్రీన్‌కార్డు ఆశ చూపి ఏజెంట్లు ఒక్కొక్కరి దగ్గర పది వేల డాలర్లో, అంతకంటే ఎక్కువో గుంజారు. తీరా అక్కడికెళ్తే ఒక్కో ట్రైలర్లో 24 మంది, పైగా అద్దె కింద జీతంలోంచి నెలకు 1,050 డాలర్ల కోత. ఎదురు తిరిగినవాళ్ళని బలవంతంగా ఇండియా పంపెయ్యబోయారు. వాళ్ళు భయపడి ఊరుకోలేదు, కోర్టుకెళ్ళారు. 2015లో న్యూ ఆర్లీన్స్ జ్యూరీ ఐదుగురికి కలిపి సుమారు 1.4 కోట్ల డాలర్లు ఇవ్వాలని తేల్చింది.

ఇలాంటి బాధితుల కోసమే టీ వీసా ఉంది. నాలుగేళ్ళ దాకా ఉండొచ్చు, పని చేసుకోవచ్చు. అందరికీ రాదు, ఆలస్యమూ అవుతుంది, తిరస్కరిస్తే చిక్కులుంటాయి. కాబట్టి భయం ఉత్తిది కాదు. అందుకే ముందు ఈ చట్టం తెలిసిన లాయర్‌ని కలవాలి. జీతం ఎగ్గొట్టిన ప్రతి కన్సల్టెన్సీ మీదా ఈ కేసు నిలబడదు కూడా.

ఫార్వర్డ్ చెయ్యాలని అంత ఉంటే మనుషుల అక్రమ రవాణా, బలవంతపు చాకిరీ బాధితుల కోసం అమెరికాలో ఉన్న జాతీయ హెల్ప్‌లైన్ నంబరు పంపండి: 1-888-373-7888. ఇంగ్లీషు రాకపోతే దుబాసీని ఇవ్వమని అడగొచ్చు.