సగటు వెనక దాక్కున్న కింది పదో వంతు

2022-23 గృహ వినియోగ వ్యయ సర్వే వచ్చినప్పుడు చర్చంతా రెండు అంకెల చుట్టూనే తిరిగింది. తలసరి నెల ఖర్చు పల్లెల్లో 3,773 రూపాయలు, పట్టణాల్లో 6,459. పల్లెల్లో అట్టడుగు 5 శాతం మందిది 1,373 రూపాయలేనని, పట్టణాల్లో పై 5 శాతం మందిది 20,824 అని కూడా అందులోనే ఉంది. మాట్లాడుకోవాల్సింది వీటి గురించి. జనాన్ని ఖర్చు వరుసలో నిలబెట్టి పది సమాన భాగాలు చేసే డెసైల్ లెక్క, సగటు మింగేసిన నిజాన్ని కక్కిస్తుంది.

20 ఇళ్ల ఖర్చులను చిన్నదాని నుంచి పెద్దదానికి పేర్చండి. 20కి 1 కలిపి, 9తో గుణించి, 10తో భాగిస్తే తొమ్మిదో డెసైల్ హద్దు (తొమ్మిదో, పదో భాగాల మధ్య గీత) స్థానం 18.9. 18వ ఇంటి ఖర్చు 30,000, 19వది 40,000 అనుకుందాం. తేడాలో 0.9 వంతు, అంటే 9,000 కలిపితే 39,000. ఇప్పుడు 20వ ఇంటి ఖర్చు 2 లక్షల నుంచి 20 లక్షలకు ఎగబాకిందనుకోండి. సగటు ఏకంగా 90,000 పెరుగుతుంది. డెసైల్ హద్దు రూపాయి కూడా కదలదు. మిగతా 19 ఇళ్ల పొయ్యి మీద మారిందేమీ లేదు మరి!

ఎక్సెల్‌లో పర్సెంటైల్.ఐఎన్‌సీ అనే ఫంక్షన్ వాడితే ఇవే ఇళ్లకు 31,000 వస్తుంది. అది స్థానాన్ని 18.1గా తీసుకుంటుంది. పర్సెంటైల్.ఈఎక్స్‌సీ వాడితేనే 39,000. ఒక ఏడాది ఒకటి, మరుసటి ఏడాది ఇంకోటి వాడితే లేని పెరుగుదల పుట్టుకొస్తుంది. అందుకే ఏ పద్ధతో పట్టిక కిందే రాయాలి. సర్వే డేటాలో ఇంకో గొయ్యి ఉంది. శాంపిల్‌లో ఒక్కో ఇల్లు ఒక్కో సంఖ్యలో జనానికి ప్రతినిధి. ఇళ్లను లెక్కపెట్టి పదో వంతు కోస్తే తప్పు. ఆ సంఖ్యలను, అంటే వెయిట్లను, కూడుతూ పోయి, మొత్తంలో 10 శాతానికి చేరిన చోట గీత గీయాలి.

జిల్లా శాంపిల్‌ను పది ముక్కలు చేస్తే ముక్కకు చాలినన్ని ఇళ్లు ఉండవన్న అభ్యంతరం సరైనదే. అక్కడ ఐదు ముక్కలు చేయండి. సగటుతో సరిపెట్టడానికి అది సాకు కాకూడదు.

అసలు పేచీ తలసరి ఆదాయంతో. రెండు తెలుగు రాష్ట్రాల్లోనూ అదే అభివృద్ధికి రుజువుగా చలామణి అవుతోంది. రాష్ట్ర ఉత్పత్తి విలువను జనాభాతో భాగిస్తే వచ్చే అంకె అది. ఏ ఇంటికి ఎంత చేరిందో చెప్పదు. ఇదే సర్వేలో పల్లెల సగటు ఖర్చు తెలంగాణలో 4,802, ఆంధ్రప్రదేశ్‌లో 4,870. రెండూ దేశ సగటును దాటాయి. ఇక్కడి కింది రెండు డెసైళ్లు దేశంలోని అవే డెసైళ్లను దాటాయా? పేర్లు లేని ఇంటింటి డేటాను కేంద్ర గణాంక శాఖ అందరికీ ఇస్తోంది. ఆ పట్టిక వేసి బడ్జెట్ రోజున సభ ముందు పెట్టాల్సిన బాధ్యత రెండు ప్రభుత్వాలదీ.