ఏసీ నాబ్ ఎందుకు పీకేశారు?

మొన్న మే నెలలో అమ్మను తీసుకుని విజయవాడ నుంచి హైదరాబాద్ వస్తున్నా. సూర్యాపేట దాటాక కారు స్క్రీన్ ఉన్నట్టుండి నల్లబడిపోయింది. పాటలు ఆగాయి, మ్యాప్ పోయింది, పర్లేదు అనుకున్నా. కానీ ఏసీ ఫ్యాన్ ఒకటో పాయింట్ దగ్గరే ఉండిపోయింది. పెంచుదామంటే చేతికి తగిలే నాబ్ ఒక్కటీ లేదు, అంతా ఆ స్క్రీన్‌లోనే. వెనక సీట్లో డెబ్బై రెండేళ్ల అమ్మ కొంగుతో విసురుకుంటోంది. చిట్యాల దగ్గర పక్కకి ఆపి, ఇంజిన్ ఆపేసి మళ్లీ స్టార్ట్ చేశా. రాలేదు. అద్దాలు దించుకుని ఆ వడగాలిలోనే ఇంటికొచ్చాం.

ఏ కంపెనీ అని అడక్కండి. ఖరీదైన సెడాన్లు చేసేవాళ్లలో చాలామంది ఇప్పుడు ఇదే దారి పట్టారు. ఇదే కారు పాత మోడల్‌కి మూడు గుండ్రటి నాబులుండేవి. తిప్పితే టక్ టక్‌మని వేలికి తెలిసేది, రోడ్డు మీంచి చూపు తిప్పాల్సిన పనే లేదు. కొత్త మోడల్‌లో అవి పీకేసి పెద్ద స్క్రీన్ పెట్టారు. "రిపేర్ ఉండదు సార్, యూనిట్ మొత్తం మార్చాలి" అన్నాడు వర్క్‌షాప్‌లో.

కొత్తది వద్దని కాదు నా గొడవ. గట్టిగా బ్రేకు తొక్కినా చక్రాలు బిగుసుకుపోకుండా చూసే ఏబీఎస్‌ని 1978లో మెర్సిడెస్ తన ఎస్-క్లాస్ కారులో తెచ్చింది, ఇవాళ ఆల్టోలో కూడా ఉంది. అందులో గొప్పతనం ఏంటంటే, ఏబీఎస్ పాడైతే డాష్‌బోర్డులో లైటు వెలుగుతుంది, మామూలు బ్రేకు మాత్రం మామూలుగానే పడుతుంది. ఉన్నదాన్ని తీసేయకుండా దానిమీద కొత్తది చేర్చారు.

అదే మెర్సిడెస్ 2001లో ఎస్ఎల్ అనే స్పోర్ట్స్ కారులో, మరుసటి ఏడాది ఈ-క్లాస్ సెడాన్‌లో సెన్సోట్రానిక్ బ్రేకులు పెట్టింది. పెడల్ తొక్కితే సెన్సార్ కంప్యూటర్‌కి చెబుతుంది, పంపు నిల్వ చేసి పెట్టిన ప్రెషర్‌ని కంప్యూటర్ నాలుగు చక్రాలకీ పంచుతుంది. ఆలోచన నిజంగా బాగుంది. కానీ సిస్టమ్ మొరాయిస్తే మిగిలేది ముందు చక్రాల బ్రేకులే, పెడల్‌ని లోతుగా, గట్టిగా తొక్కాలి. 2004లో 6,80,000 కార్లు వెనక్కి పిలిచారు. 2005లో బ్రేకులతో పాటు ఎలక్ట్రికల్ సమస్యలూ కలిపి 13 లక్షలు. చివరికి 2006లో ఈ-క్లాస్‌ని అప్‌డేట్ చేసినప్పుడు మళ్లీ మామూలు హైడ్రాలిక్ బ్రేకులకే వచ్చారు. ఆ టెక్నాలజీని తక్కువగా అమ్ముడయ్యే ఎస్ఎల్‌లో నాలుగైదేళ్లు నలగనిచ్చి, ఆ తర్వాత ఈ-క్లాస్‌కి తెచ్చుంటే ఏం పోయేది? ఏడాదికే జనం రోజూ తిరిగే కారులో పెట్టేశారు. నాకు కోపం అక్కడే.

నిదానంగా చేస్తే వెనకబడిపోతాం అంటారు. 1989లో టయోటా తన కొత్త లగ్జరీ బ్రాండ్ లెక్సస్ పేరుతో తెచ్చిన ఎల్ఎస్ 400 చూడండి. ఇంజిన్‌తో సహా అన్నీ కొత్తవే, బ్రాండే కొత్తది. అమ్మకానికి ముందు దాదాపు 450 ప్రోటోటైపులు (నమూనా కార్లు) కట్టి పరీక్షించారు. అయినా డిసెంబర్‌లో బ్రేక్ లైటు, క్రూయిజ్ కంట్రోల్ లోపాలు బయటపడ్డాయి. అప్పటికి అమ్మిన 8,000 కార్లనీ ఓనర్ల ఇళ్ల నుంచే తీసుకెళ్లి, బాగుచేసి, కడిగి, ట్యాంకు నింపి ఇచ్చారు. మూడు వారాల్లోపే పని పూర్తయింది. మూడు దశాబ్దాలు దాటినా ఆ కార్లు ఇంకా రోడ్ల మీద తిరుగుతున్నాయి.

2026 నుంచి యూరప్‌లో కార్ల భద్రతకి స్టార్లు ఇచ్చే యూరో ఎన్‌క్యాప్‌లో ఐదు స్టార్లు రావాలంటే ఇండికేటర్లు, హజార్డ్ లైట్లు, వైపర్లు, హారన్, ఎస్ఓఎస్ (అత్యవసర కాల్)‌కి చేత్తో నొక్కే స్విచ్‌లు ఉండాలట. సంతోషం. కానీ ఆ జాబితాలో ఏసీ లేదు. మన ఎండల్లో ఏసీ సోకు కాదు, వెనక కూర్చున్న పెద్దవాళ్లకి ప్రాణం. మన దేశం కోసమని వెనక సీటు దగ్గర పొడవు పెంచి మరీ సెడాన్లు అమ్ముతున్నారు కదా, ఫ్యాన్‌కి ఒకటి, చల్లదనానికి ఒకటి, రెండే రెండు నాబులు కూడా ఇవ్వండి. వాటి వైర్లు ఆ స్క్రీన్‌తో సంబంధం లేకుండా వేయండి.